ల్యాప్‌టాప్ సన్నబడింది, సంచి లావెక్కింది

అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్‌కైనా వెళ్లి ట్రైనర్ బల్ల మీద ఏమున్నాయో చూడండి. ప్రొజెక్టర్‌కు పోయే హెచ్‌డీఎమ్ఐ కేబుల్, గోడలోంచి వచ్చే నెట్ కేబుల్, ఆన్‌లైన్‌లో వినేవాళ్ల కోసం యూఎస్‌బీ మైకు, తెర మీద చేత్తో రాయడానికి పెన్ ట్యాబ్లెట్, మౌసు, వీటికి తోడు ఛార్జర్. వీటన్నిటి మధ్యా కొత్తగా కొన్న పల్చటి ల్యాప్‌టాప్. దాని అంచున రెండు టైప్-సి రంధ్రాలు, ఒక హెడ్‌ఫోన్ జాక్, అంతే. ఆరు వైర్లకు రెండు రంధ్రాలు చాలవు కాబట్టి మధ్యలో ఒక హబ్ వచ్చి చేరుతుంది. వేసవిలో ఇక్కడ ఉదయం ఆరింటి బ్యాచ్ మొదలయ్యేసరికి డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం ఏడున్నర. అక్కడి తెలుగు పిల్లలు ఉద్యోగం నుంచి వచ్చి లాగిన్ అయి ఉంటారు. తెర మీది బొమ్మ, మాట, నెట్, కరెంటు అన్నీ ఆ హబ్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే జానెడు వైరులోంచే పోవాలి. ఆ వైరు కాస్త కదిలిందంటే క్లాసు ఆగిపోతుంది.

సన్నని ల్యాప్‌టాప్ ప్రకటనలో మందం, బరువు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. తగ్గించిన మిల్లీమీటర్లకు బదులుగా ఏం ఇచ్చుకున్నామో మాత్రం అందులో ఉండదు. కొంత హబ్ రూపంలో సంచిలోకి వస్తుంది. కొంత వేడిగా మారి ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది. ఎక్కువ భాగం రెండేళ్ల తర్వాత సర్వీసు కౌంటర్ దగ్గర బిల్లుగా వస్తుంది. ఇదంతా చూడటానికి హైదరాబాద్‌లో ఒక్క మెట్రో స్టేషన్ దూరం చాలు. పంజాగుట్ట వైపు మెరిసే షోరూములు, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో వాటిని కొనుక్కున్న విద్యార్థులు, మధ్య సందుల్లో ‘చిప్ లెవెల్ సర్వీస్’ అని బోర్డు పెట్టుకున్న చిన్న గదులు. యంత్రం కొనడం, వాడటం, బాగుచేయించుకోవడం ఇంత దగ్గర దగ్గరగా జరిగే చోట్లు తక్కువ.

ఈ సన్నబాటు కథ 2008 జనవరి 15న మొదలైందనుకోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఒక ఆఫీసు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశారు. అత్యధిక మందం 19.4 మిల్లీమీటర్లు. ఒక యూఎస్‌బీ పోర్టు, ఒక చిన్న వీడియో పోర్టు, ఒక హెడ్‌ఫోన్ జాక్. నెట్ కేబుల్‌కు చోటు లేదు, సీడీ డ్రైవు లేదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఇప్పుడు మనం చూస్తున్న బేరం అప్పుడే మొత్తంగా కుదిరిపోయింది. 2011లో ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ అనే పేరు పెట్టి, 20 మిల్లీమీటర్ల లోపు మందం, వెయ్యి డాలర్ల లోపు ధర అనే లక్ష్యాన్ని విండోస్ కంపెనీలన్నిటి ముందూ ఉంచింది. 2015లో ఆపిల్ ఇంకా ముందుకు వెళ్లింది. 13.1 మిల్లీమీటర్ల మందం, 920 గ్రాముల బరువు, ఫ్యాను లేని 12 అంగుళాల మ్యాక్‌బుక్. ఛార్జింగుకూ పెన్‌డ్రైవుకూ మానిటర్‌కూ కలిపి ఒకే ఒక్క టైప్-సి పోర్టు. 2019లో దాని అమ్మకం ఆపేశారు. 2021 అక్టోబరులో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలకు హెచ్‌డీఎమ్ఐ, మెమరీ కార్డు స్లాట్ తిరిగి వచ్చాయి. 16 అంగుళాల మోడల్ మందం 16.2 నుంచి 16.8 మిల్లీమీటర్లకు పెరిగింది. సన్నదనాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకున్న కంపెనీయే పోర్టుల కోసం అర మిల్లీమీటరు పైన వెనక్కి తగ్గింది. పని చేసుకునేవాళ్లు అడిగితే యంత్రం ఆకారం మారుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పోర్టుకూ మందానికీ ఉన్న సంబంధాన్ని కొలిచి చూడొచ్చు. 1987లో ఐబీఎమ్ తెచ్చిన వీజీఏ, పాత ప్రొజెక్టర్లకు తగిలించే నీలి రంగు పిన్ను, మరలతో కలిపి 31 మిల్లీమీటర్ల వెడల్పు, పన్నెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు. మామూలు నెట్ కేబుల్ జాక్ ఎత్తు దాదాపు 13. ల్యాప్‌టాప్ మొత్తం మందం 15 అనుకుంటే, తెర ఉన్న మూతకు నాలుగైదు పోను మిగిలేది పది. దాంట్లోనే పైన కీబోర్డు, కింద రేకు. ఇక అంత పెద్ద జాక్ పట్టే దారే లేదు. కొన్ని కంపెనీలు కింది పెదవిని లాగితే నోరు తెరుచుకునే నెట్ జాక్ పెట్టి కొంతకాలం నెట్టుకొచ్చాయి. కానీ హెచ్‌డీఎమ్ఐ ఎత్తు నాలుగున్నర మిల్లీమీటర్లే. మన పెన్‌డ్రైవుల యూఎస్‌బీ పిన్ను కూడా అంతే. టైప్-సి రంధ్రం రెండున్నర. అంటే 15 మిల్లీమీటర్ల యంత్రంలో హెచ్‌డీఎమ్ఐ, పాత యూఎస్‌బీ రెండూ హాయిగా పడతాయి, చాలా మోడళ్లలో ఉన్నాయి కూడా. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ అనే ల్యాప్‌టాప్ మందం 15.85 మిల్లీమీటర్లు. దానికి నాలుగు గూళ్లు పెట్టి, వాటిలో ఏ పోర్టు కావాలంటే ఆ పోర్టు బిగించుకునే ఏర్పాటు చేశారు.

కాబట్టి ‘సన్నగా ఉంది, అందుకే పోర్టులు లేవు’ అని సేల్స్ కుర్రాడు చెప్పేది సగమే నిజం. మిగతా సగం లోపల ఉంది. ప్రతి పోర్టుకూ మదర్‌బోర్డు మీద కొంత చోటు, దాని వెనక ఒకటో రెండో చిప్‌లు, అంచు దాకా వైరింగు కావాలి. బోర్డు చిన్నదైతే మిగిలిన చోటు బ్యాటరీకి ఇవ్వొచ్చు. యంత్రం పల్చబడే కొద్దీ బ్యాటరీ ఎత్తు తగ్గుతుంది, అప్పుడు దాన్ని పక్కలకు పరచాలి, పరచాలంటే బోర్డు ఇంకా చిన్నదవ్వాలి. పోర్టుల కోత వెనక ఈ లోపలి స్థలం తగాదా ఉంది. డిజైనర్లను తప్పుపట్టే పనిలేదు. బోర్డును కుదించి బ్యాటరీని పెంచడం కష్టమైన ఇంజినీరింగే, రోజంతా ఛార్జింగ్ నిలిచే యంత్రాలు దానివల్లే వచ్చాయి. కాకపోతే ఆ మేలు ఎవరికి, ఆ నష్టం ఎవరికి అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. విమానాల్లో తిరిగే మేనేజరుకు పనికొచ్చిన బేరం, ఒకే యంత్రంతో ఆరు నెలల కోర్సు, ఆ తర్వాత మూడేళ్ల ఉద్యోగం నెట్టుకురావాల్సిన కుర్రాడికి పనికిరాకపోవచ్చు.

టైప్-సి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షోరూముల్లో ఎక్కువ మోసపోయేది దీని దగ్గరే. 2014లో ఖరారైన ఈ ప్రమాణంలో ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల వెడల్పులోపల 24 పిన్నులున్నాయి. నాలుగు గ్రౌండు, నాలుగు కరెంటు, నాలుగు పాత యూఎస్‌బీ 2.0 వేగానికి, ఎనిమిది అసలైన వేగానికి, రెండు అదనపు సంకేతాలకు. ఇక మిగిలిన రెండూ కేబుల్ ఎటు తిప్పి పెట్టారు, అవతల ఉన్నది ఛార్జరా మానిటరా, ఎన్ని వోల్టులు ఇవ్వగలదు అని మాట్లాడుకునే పిన్నులు. ముందు 5 వోల్టులతోనే మొదలవుతుంది. రెండు వైపులా ఒప్పందం కుదిరాకే 9, 15, 20 వోల్టులకు పెరుగుతుంది. 20 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 100 వాట్లు. 2021లో వచ్చిన సవరణతో ఈ పరిమితి 240 వాట్లకు పెరిగింది. 60 వాట్లు దాటి ఇవ్వాలంటే కేబుల్ లోపల కూడా ఒక చిన్న గుర్తింపు చిప్ ఉండాలి. అందుకే ఫోనుతో వచ్చిన కేబుల్ పెడితే పెద్ద ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఛార్జ్ అవుతుంది, లేదా ఎక్కనే ఎక్కదు.

ఇంతవరకూ అద్భుతమే. చిక్కు ఏమిటంటే రంధ్రం ఆకారం ఒక్కటే, లోపలి శక్తి వేరువేరు. ఒక టైప్-సి సెకనుకు 480 మెగాబిట్లే పంపుతుంది. దాని పక్కనే అచ్చం అలాగే కనిపించేది 40 గిగాబిట్లు పంపుతుంది. ఒకదాంట్లోంచి మానిటర్‌కు బొమ్మ వస్తుంది, ఇంకోదాంట్లోంచి రాదు. ఒకటి ఛార్జింగ్ తీసుకుంటుంది, రెండోది తీసుకోదు. కొన్ని చవక మోడళ్లలో పోర్టు పక్కన ఏ గుర్తూ ఉండదు. కొనేముందు స్పెసిఫికేషన్ల పేజీలో ఆ పోర్టుకు ఎదురుగా డిస్‌ప్లేపోర్ట్, పవర్ డెలివరీ అనే రెండు మాటలూ ఉన్నాయా లేదా చూసుకోవాలి. లేకపోతే హబ్ కొన్నా ప్రొజెక్టర్‌లో నల్ల తెరే వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. 4కె మానిటర్ అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్ల రంగు. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే సుమారు 12 గిగాబిట్లు పంపాలి. టైప్-సిలోని ఎనిమిది వేగపు పిన్నులూ జతలు జతలుగా నాలుగు దారులవుతాయి. మీరు హబ్‌కు పెన్‌డ్రైవు, నెట్ కేబుల్ కూడా తగిలించి వాటికి వేగం కావాలంటే రెండు దారులు డేటాకు పోతాయి, రెండే బొమ్మకు మిగులుతాయి. నాలుగు వరుసల రోడ్డు మీద మెట్రో పనులకని రెండు వరుసలు మూసేస్తే ట్రాఫిక్ ఏమవుతుందో పంజాగుట్ట వాసులకు చెప్పనక్కర్లేదు. ఎక్కువగా కనిపించే డిస్‌ప్లేపోర్ట్ వేగంలో ఒక్కో దారి 5.4 గిగాబిట్లు, అందులో ఐదో వంతు సంకేత భాషకే పోగా మిగిలేది 4.32. రెండు దారులకు కలిపి 8.64. పన్నెండు పట్టదు. అందుకే హబ్ తనంతట తానే సెకనుకు 30 సార్లకు దిగిపోతుంది, అప్పుడు ఆరు గిగాబిట్లే చాలు. కనెక్ట్ అయింది, బొమ్మ వచ్చింది, కానీ మౌసు కదిలిస్తే బాణం గుర్తు వెనకపడి వచ్చినట్టుంటుంది. ఇదే హబ్ మీద పాత ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌కు మూడు గిగాబిట్లే కావాలి కాబట్టి ఏ తేడా తెలియదు. క్లాసురూములో బాగా పనిచేసిన హబ్ ఇంటికి తీసుకెళ్లి కొత్త మానిటర్‌కు పెడితే ఎందుకు మొరాయిస్తుందన్న దానికి జవాబు ఈ లెక్కలో ఉంది. హబ్ పెట్టె మీద ‘4కె’ అని ఉంటే చాలదు, దాని పక్కన 30 ఉందా 60 ఉందా చూడాలి.

హబ్ ఇంకో నష్టం కూడా చేస్తుంది, ఇది చాలామందికి తెలియదు. యూఎస్‌బీ 3 సంకేతాలు సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడిచేటప్పుడు 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో రేడియో రొద పుడుతుంది. పాత వైఫై, వైర్‌లెస్ మౌసు, బ్లూటూత్ హెడ్‌ఫోను పనిచేసేది సరిగ్గా అక్కడే. 2012లో ఇంటెల్ ఇంజినీర్లు దీన్ని కొలిచి ఒక పత్రం ప్రచురించారు. సరిగా కవచం లేని చవక హబ్‌లో పక్కపక్క రంధ్రాల్లో హార్డ్‌డిస్కు, మౌసు రిసీవరు పెడితే మౌసు గెంతులు వేయడం, వైఫై మందగించడం ఇందువల్లే. మౌసు రిసీవరుకు చిన్న పొడిగింపు వైరు వేసి అర మీటరు దూరం జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. ఇక అమీర్‌పేట గాలి సంగతి వేరే చెప్పాలా! ఒక్కో బిల్డింగులో ఐదారు ఇన్‌స్టిట్యూట్లు, పైన హాస్టల్, కింద మెస్సు, అందరికీ తలా ఒక రౌటర్. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానెళ్లు మూడే. ఈ రద్దీలో ఆన్‌లైన్ క్లాసు చెప్పేవాళ్లు నెట్ కేబుల్ వదలరు, వదలకూడదు కూడా. మరి సన్నని ల్యాప్‌టాప్‌ల నుంచి ముందుగా తీసేసిన పోర్టుల్లో అదొకటి. వైఫై ఉంది కదా అని దాన్ని తీసేసినవాళ్ల ఊహలో ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక రౌటర్ ఉన్నాయి. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్లు కిక్కిరిసిన ఆదిత్య ఎన్‌క్లేవ్ లాంటి చోటు లేదు.

వేడి దగ్గరకొద్దాం. ప్రాసెసర్ పుట్టించే వేడి రాగి గొట్టంలోంచి రేకుల దాకా వెళ్లి, ఫ్యాను గాలితో బయటికి పోతుంది. సన్నని యంత్రంలో రేకులు పొట్టివి, ఫ్యాను పల్చనిది, గాలి దూరే సందు ఇరుకు. వేడి ఎంత పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. చిప్ 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందనుకోండి. ఏసీ షోరూములో 25 డిగ్రీలుంటే తేడా 75. మే నెల మధ్యాహ్నం, రేకు కప్పు కింద హాస్టల్ గదిలో 40 ఉంటే తేడా 60. అదే ఫ్యాను, అదే రాగి, కానీ బయటికి పోయే వేడి ఐదో వంతు తగ్గిపోయింది. తగ్గిన మేరకు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. షోరూములో చూసిన చురుకు గదిలో ఎందుకు లేదన్నదానికి ఇదొక కారణం. పరుపు మీద పెట్టి వాడితే కింది రంధ్రాలు మూసుకుపోయి ఇంకా దిగజారుతుంది.

ఇంకో కారణం చిప్ పేరులోనే ఉంది. ఇంటెల్ 2022 తరంలో ఐ7-1255యూ అనే చిప్ మామూలు విద్యుత్తు 15 వాట్లు, కొద్ది సెకన్ల పాటు మాత్రం 55 వాట్ల దాకా పోగలదు. అదే తరంలో 12700హెచ్ మామూలుగా 45, గరిష్ఠంగా 115. రెండిటి మీదా ఐ7 అనే స్టిక్కరే. బ్రౌజరు తెరవడం, వర్డ్ ఫైలు తెరవడం క్షణాల పనులు కాబట్టి సన్నని యంత్రం ఆ 55 వాట్ల దూకుడుతో చకచకా చేసేస్తుంది. కానీ అమీర్‌పేటలో నేర్పేవి క్షణాల పనులు కావు. డెవాప్స్ బ్యాచ్‌లో నాలుగైదు కంటైనర్లు ఒకేసారి నడుస్తుంటాయి. ఆండ్రాయిడ్ బ్యాచ్‌లో ఎమ్యులేటర్ గంటలకొద్దీ తెరిచే ఉంటుంది. ఒరాకిల్ నేర్చుకునేవాళ్లు వర్చువల్ మెషీన్‌లో డేటాబేస్ ఎక్కిస్తారు. మొదటి అర నిమిషం తర్వాత ఏ యంత్రం ఎంత వేగంతో నిలబడుతుందన్నదే ఇక్కడ లెక్క. ఆ సంఖ్య ఏ ప్రకటనలోనూ వేయరు.

వీటన్నిటికీ ర్యామ్ కావాలి, అదేమో ఇప్పుడు బోర్డు మీదే అతికి వస్తోంది. మునుపు వెనక మూత తీసి రెండో స్లాటులో ఇంకో ర్యామ్ కర్ర గుచ్చితే ఎనిమిది జీబీ పదహారయ్యేది. సన్నని ల్యాప్‌టాప్‌లలో వాడే తక్కువ విద్యుత్తు ర్యామ్‌కు ప్రాసెసర్ అతి దగ్గరగా ఉండాలి, దారి పొడుగైతే వేగంలో సంకేతం చెదిరిపోతుంది. స్లాటు ఎత్తు కూడా అడ్డమే. ఇది నిజమైన భౌతిక కారణం, కంపెనీల కుట్రగా కొట్టిపారేయలేం. దీనికి ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం విరుగుడు వచ్చింది. పల్చటి పలక మీద ఇదే ర్యామ్‌ను పెట్టి మరలతో బోర్డుకు బిగిస్తారు. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో మొదటిసారి కనిపించింది. అది అందరి ధరకూ దిగివచ్చేదాకా, బోర్డు మీద అతికిన ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌ను ప్రోగ్రామింగ్ కోర్సు కోసం కొనొద్దనే చెబుతాను. ఎంత అందంగా ఉన్నా, ఎంత తగ్గింపు ఇచ్చినా.

ఇక బాగుచేసే బల్ల. ‘అన్నా, ఛార్జింగ్ ఎక్కట్లేదు’ అంటూ వచ్చే ల్యాప్‌టాప్‌కు మెకానిక్ మొదట చేసే పని కొత్త ఛార్జరు పెట్టి చూడటం, రెండోది టార్చి వేసి టైప్-సి రంధ్రంలోకి తొంగిచూడటం. ఆ రంధ్రం మధ్యలో మిల్లీమీటరు మందం కూడా లేని నాలుక ఉంటుంది. పిన్నులన్నీ దాని మీదే, ఒక్కోదానికి మధ్య దూరం అర మిల్లీమీటరు. సంచిలోని నూగు, దుమ్ము అక్కడ గట్టిగా దట్టించుకుపోతే పిన్ను లోపలిదాకా వెళ్లదు. చెక్క పుల్లతో ఓపిగ్గా లాగేస్తే కొన్ని యంత్రాలు అక్కడికక్కడే బతుకుతాయి. నాలుక వంగితేనో విరిగితేనో కథ మారిపోతుంది. 20 వోల్టుల కరెంటు పిన్నుకూ ఛార్జరుతో మాట్లాడుకునే పిన్నుకూ మధ్య ఉన్నది ఆ అర మిల్లీమీటరే. తడి చేరినా, పిన్ను ఒరిగి తగిలినా కరెంటు నేరుగా ఆ మాటలు నడిపే చిప్‌లోకి పోతుంది. అది కాలిపోతే జాక్ మార్చినా ఛార్జింగ్ ఎక్కదు.

జాక్ మార్చడం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే దాని విలువ తెలుస్తుంది. బోర్డును బయటికి తీసి, చుట్టుపక్కల చిన్న చిన్న భాగాలు కదలకుండా వేడిని తట్టుకునే పసుపు టేపు చుడతారు. ఫ్లక్స్ పూసి, మైక్రోస్కోపు కింద పెట్టి, హాట్ ఎయిర్‌తో సమంగా వేడిచేస్తారు. గ్రౌండుకు కలిసి ఉన్న నాలుగు కాళ్లూ బోర్డులోపలి రాగి పొరలకు అతుక్కుని ఉంటాయి, అవి వేడిని లాగేసుకుంటాయి కాబట్టి టంకం త్వరగా కరగదు. తొందరపడి పీకితే బోర్డు మీది రాగి చుక్కలు జాక్‌తో పాటు ఊడొస్తాయి. వేడి ఎక్కువైతే పక్క ప్లాస్టిక్కు కరుగుతుంది. పాత జాక్ వచ్చేశాక రంధ్రాలు శుభ్రం చేసి, కొత్తది నిలబెట్టి, 24 పిన్నుల్లో ఏ రెండూ అంటుకోలేదని మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఈ పనిని రోజూ చేసే చేతులు అమీర్‌పేటలో ఉన్నాయి. వాళ్ల నైపుణ్యానికి కంపెనీల సర్వీసు కేంద్రాల్లో చోటు లేదు. అక్కడ సాధారణంగా భాగాన్ని మార్చడమే తప్ప భాగాన్ని బాగుచేయరు, మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటారు. వారంటీ దాటితే ఆ ధర విని చాలామంది యంత్రాన్నే వదిలేస్తారు.

పాత ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగ్ జాక్ పోతే ఛార్జింగ్ ఒక్కటే పోయేది, యూఎస్‌బీ పోతే ఇంకో రెండు మిగిలేవి. ఇప్పుడు ఛార్జింగు, మానిటర్, పెన్‌డ్రైవ్, నెట్ అన్నీ ఒకే నాలుక మీద. ప్రమాణం ప్రకారం టైప్-సి జాక్ పదివేల సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకోవాలి. మామూలు పాత యూఎస్‌బీకి అది 1,500 మాత్రమే. సంఖ్యలో టైప్-సి గట్టిదే. రోజుకు ఆరుసార్లు పెట్టి తీసినా నాలుగున్నరేళ్లు రావాలి. కానీ ఆ పరీక్షలో పిన్ను తిన్నగా పోతుంది, తిన్నగా వస్తుంది. మన గదుల్లో హబ్ బల్ల అంచున వేలాడుతుంది, హెచ్‌డీఎమ్ఐ కేబుల్ బరువు దాన్ని కిందికి లాగుతుంది, ఎవరో వైరు మీదుగా నడుస్తారు. జాక్ చచ్చేది లెక్కల వల్ల తక్కువ, ఈ పక్క లాగుళ్ల వల్ల ఎక్కువ. హబ్‌ను బల్ల మీదే ఆనించి పెట్టడం, దాని వైరుకు కాస్త వదులు ఇవ్వడం పైసా ఖర్చులేని బీమా.

బ్యాటరీ ఉబ్బడం ఇంకో తరచు ఫిర్యాదు. లిథియం బ్యాటరీల్లో వేడికి, వయసుకు లోపలి ద్రవం విడిపోయి వాయువు పుడుతుంది. పల్చటి సంచి ఆకారంలో ఉండే ఘటం ఆ వాయువుతో పొంగుతుంది. లావుపాటి యంత్రంలో దానికి కాస్త ఖాళీ దొరికేది. పల్చటిదాంట్లో నేరుగా టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతుంది, క్లిక్ పడదు, తర్వాత మూత సరిగా మూసుకోదు. అప్పటికీ వాడుతూ ఉంటే ప్రమాదమే, గుచ్చుకుంటే మంటలు లేస్తాయి. రోజంతా ఛార్జర్‌కు తగిలించి వాడేవాళ్లు సెట్టింగుల్లో ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపుకునే వీలుంటే వాడుకోవాలి. నిండా ఛార్జ్ అయి ఉండటం, వేడి, ఈ రెండూ కలిసినప్పుడే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. మన ఊరి వేసవిలో రెండోది మన చేతిలో లేదు, మొదటిది ఉంది.

సన్నదనం వల్ల మేలు లేదనడం అన్యాయం. ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో నిలబడి వచ్చి, లిఫ్టు లేని నాలుగో అంతస్తు ఎక్కి, సాయంత్రం మళ్లీ అదే దారిన పోయే అమ్మాయికి రెండున్నర కిలోల యంత్రానికీ కిలోంబావు యంత్రానికీ తేడా భుజం చెబుతుంది. టైప్-సి ఛార్జింగ్ వచ్చాక హాస్టల్ గదిలో ఒక మంచి ఛార్జరుతో ఇద్దరి ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు వంతులవారీగా నడుస్తున్నాయి. ఇంటి దగ్గర ఛార్జరు మర్చిపోయినా పక్కవాళ్లది పనికొస్తుంది. 2023 జనవరిలో మన బీఐఎస్ టైప్-సికి భారతీయ ప్రమాణం ప్రకటించింది. యూరప్‌లో ఫోన్లకు 2024 డిసెంబరు నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ నుంచి టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి అని చట్టం చేశారు. ఒక్కో కంపెనీకి ఒక్కో లావుపాటి గుండ్రటి పిన్ను ఉన్న రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. నా అభ్యంతరం టైప్-సి మీద కాదు. రెండు టైప్-సిలతో సరిపెట్టేసి, మిగతా పోర్టులన్నీ కొనేవాడి ఖర్చుకు వదిలేయడం మీద. కిలోంబావు ల్యాప్‌టాప్‌కు హబ్, దాని వైరు, నెట్ కన్వర్టరు, అదనపు కేబుల్ కలిపితే తగ్గిన బరువులో కొంత సంచిలోకి తిరిగి వస్తుంది. పైగా వీటిలో ఏది మర్చిపోయినా ఆరోజు డెమో ఆగిపోతుంది.

ఇన్ని చూసుకుని కొనడం విద్యార్థికి ఎలా సాధ్యం అనిపించవచ్చు. ఒక దారి ఉంది, దాన్ని చాలా తక్కువమంది వాడుతున్నారు. లెనోవో, హెచ్‌పీ, డెల్ లాంటి కంపెనీలు తమ చాలా మోడళ్లకు సర్వీసు మాన్యువల్‌ను తమ సైట్లలో ఎవరైనా దింపుకునేలా ఉచితంగా పెట్టాయి. మెకానిక్‌ల కోసం రాసిన పుస్తకాలవి, బొమ్మలతో ఉంటాయి. పంజాగుట్ట షోరూములో బిల్లు వేయించే ముందు, నచ్చిన మోడల్ పూర్తి పేరు పెట్టి ఫోనులోనే ఆ మాన్యువల్ తెరవండి. విడిభాగాల జాబితాలో పోర్టులున్న చిన్న బోర్డు విడిగా కనిపించి, అందులో టైప్-సి ఉంటే, జాక్ పోయినప్పుడు ఆ చిన్న ముక్క మార్చితే సరిపోతుంది. టైప్-సి సిస్టమ్ బోర్డు మీదే ఉంటే ముందు చెప్పిన హాట్ ఎయిర్ పనే గతి, అప్పుడు రెండు పోర్టులూ ఛార్జింగ్ తీసుకుంటాయో లేదో తప్పక చూడండి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ర్యామ్‌కు వేరే పేజీ ఉంటే మార్చుకోవచ్చని అర్థం, లేకపోతే పుట్టినప్పటి ర్యామే చివరిదాకా. బ్యాటరీ తీసే పేజీలో మరల బొమ్మలుంటే మంచిది. జిగురు పట్టీలు కనిపిస్తే రెండో బ్యాటరీ వేయించేటప్పుడు పని ఎక్కువ, కూలీ ఎక్కువ. ఇదంతా చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ఆ మోడల్‌కు మాన్యువలే దొరకకపోతే, అదే ధరలో దొరికే ఇంకో మోడల్ వైపు చూడండి.